ముప్పై తీసేసే లెక్క

డైరీల్లో చివరి పేజీలు ఎవరూ చూడరు. నేను ముందు అవే చూస్తాను. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద నాది స్టేషనరీ దుకాణం. జిరాక్సు తీస్తాను, లామినేషన్ చేస్తాను, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపుతాను. డిసెంబరు చివర కొత్త డైరీల కట్ట దిగగానే తాడు కోసి, ఒకటి బయటికి లాగి, సెలవుల జాబితా, రాశిఫలాలు అన్నీ దాటేసి, ఊళ్ళ మధ్య దూరాల పట్టిక ఉందా లేదా అని వెతుకుతాను. లేకపోతే ఆ రకం డైరీలు మరుసటేడు తెప్పించను. కొనేవాళ్ళకు దాంతో పనిలేదు, నాకు తెలుసు. అయినా దుకాణం నాది.

ఆ పట్టిక చూడని వాళ్ళుంటే చెబుతాను. పైన వరసగా ఊళ్ళ పేర్లు, పక్కన కిందికి మళ్ళీ అవే పేర్లు, మధ్యలో మెట్లు మెట్లుగా అంకెలు. ఒక వేలు ఖమ్మం మీద, ఇంకో వేలు ఆదిలాబాద్ మీద పెట్టి, రెండూ కలిసే గడి దాకా జరపాలి. ఆ గడిలో అంకె కనబడిందంటే చాలు, నాకిక స్టూలు మీద కూర్చోబుద్ధి కాదు. లేస్తాను, రోడ్డు దాకా వస్తాను, దేవరకొండ బస్సు పోతుంటే చూస్తాను, మళ్ళీ వచ్చి కూర్చుంటాను. అందరూ ఎటో పోతుంటారు. నేను వాళ్ళ ఆధార్ కార్డులు జిరాక్సు తీస్తుంటాను. "వీనికి అరికాలుల చక్రమున్నది, ఒక్కకాడ కుదురుగ ఉండడు" అని మా అమ్మ చుట్టాలందరికీ చెప్పేది. నిజమే. కాలు కాలిన పిల్లి నాకంటే నయం.

ఫోనులో మ్యాపు లేదా అంటారు. ఉంది. కానీ ఫోను మీరు అడిగిన ఊరికే దారి చూపిస్తుంది, అడగని ఊరి మాటెత్తదు. పట్టికలో అయితే కర్నూలుకు పోదామని వేలు పెడితే పక్కన కరీంనగర్ కనబడుతుంది, దాని కింద కాకినాడ కనబడుతుంది. ఇల్లు కదలకుండా మనసు పది ఊళ్ళు తిరిగి వస్తుంది. ఈ సంగతి నా స్నేహితులకు చెబితే నవ్వుతారు. నవ్వనీ.

పట్టికల్లో ఒకటే లోపం. మా ఊరు ఎందులోనూ ఉండదు. ఏ డైరీ చూసినా హైదరాబాదే. అందుకని మా ఊళ్ళో అందరికీ ఒక లెక్క అలవాటు. హైదరాబాద్ గడిలో అంకె చూసి ముప్పై తీసేయాలి. మేమున్నది సిటీకి ముప్పై కిలోమీటర్ల ఇవతల, సాగర్ రోడ్డు మీద. మేం పోయేది ఎక్కువగా ఆ రోడ్డు మీదే. టీ హోటల్ దగ్గర ఎవరైనా "సాగర్ ఎంతుంటదన్నా?" అంటే, "సిటీ నుంచి నూట యాభై. ముప్పై తీసెయ్" అంటాడు ఇంకొకడు. అంతే, లెక్క తేలిపోతుంది. ఎల్బీనగర్‌లో ట్రాఫిక్‌లో ఇరుక్కుని హారన్లు కొట్టుకునే వాళ్ళకంటే ముప్పై కిలోమీటర్లు ముందున్నామని మాకు ఒక చిన్న గర్వం కూడా ఉంది.

ఎనిమిదేళ్ళ కిందట ఒక పాత కారు కొన్నాను. అప్పటి నుంచి నెలకో ఆదివారం, ఒక్కోసారి రెండు ఆదివారాలు, ఇద్దరు స్నేహితులను వెంటేసుకుని బయలుదేరేవాణ్ణి. పోయొచ్చిన ఊరి గడిలో పెన్సిలుతో టిక్కు పెట్టేవాణ్ణి. దేవరకొండ, సాగర్, మాచర్ల, పిడుగురాళ్ళ, గుంటూరు. ఒకసారి ఏకంగా చీరాల దాకా పోయాం. సముద్రంలో కాళ్ళు తడుపుకుని, పావుగంట కాకముందే "ఇగ నడువుండ్రి" అన్నాను. స్నేహితుడొకడికి ఒళ్ళు మండిపోయింది. "ఏందిరా నీ లొల్లి? గింత దూరమొచ్చి ఇసుకల కూసోనియ్యవా జర?" అన్నాడు. ఏం చెప్పను? నాకు కావలసింది సముద్రం కాదు, దాని దాకా ఉన్న రోడ్డు. రోడ్డు అయిపోయాక అక్కడ నాకేం పని?

ఆ ఆదివారాలన్నీ దుకాణంలో మా ఆవిడ కూర్చునేది. సోమవారం నుంచి శనివారం దాకా ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. మిగిలిన ఆ ఒక్కరోజూ నా స్టూలు మీద. "నువ్వు పో, దుకాణం నేను చూస్త" అనేది. ఆ మాట నాకు చాలు. రెండోసారి అడగకుండా తాళంచెవి తీసుకుని బయటపడేవాణ్ణి.

అలా ఉండగా సర్కారు టీచరు ఉద్యోగాలకు ప్రకటన వచ్చింది. ఎన్నేళ్ళకో వచ్చింది. మా ఆవిడకు వయసు పరిమితి దాటడానికి అప్పటికి కొద్ది నెలలే ఉంది. ఇంకోసారి ప్రకటన వచ్చేసరికి దరఖాస్తుకు కూడా పనికిరాదు. పదహారేళ్ళుగా ఆ ప్రైవేటు బడిలోనే చేస్తోంది. తన దగ్గర ఎక్కాలు నేర్చుకున్న పిల్ల ఒకతి అదే బడిలో తన పక్క కుర్చీలో టీచరై కూర్చుంది. తెల్లవారుజామునే లేచి వంటింటి గట్టు మీద పుస్తకం పెట్టుకుని, ఒక చేత్తో అన్నం కలియబెడుతూ చదివేది. "ఇదే ఆఖరుది. ఇది పోతె ఇగ గా బడిలనే ముసల్దాన్నైత" అనేది. నవ్వుతూనే అనేది గానీ, ఆ నవ్వు ఎంతమటుకు నవ్వో నాకు తెలియకపోలేదు.

దరఖాస్తు నేనే నింపాను. సగం ఊరి దరఖాస్తులు నింపేవాణ్ణి, ఇంట్లో మనిషిది నింపనా? బడికి పోతూ చెప్పి పోయింది. "సెంటరు హైదరాబాద్ పెట్టు. దొర్కకుంటె నల్గొండ పెట్టు. రెండు గంటలల్ల పోవచ్చు." సరేనన్నాను. మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చున్నాను. హైదరాబాద్‌లో అప్పటికే ఖాళీ లేదు. మిగిలిన ఊళ్ళ జాబితా వచ్చింది. నల్గొండ ఉంది. కాస్త కింద నిజామాబాద్ ఉంది.

ఇక్కడ అబద్ధం చెప్పను. నల్గొండకు నేను పదిసార్లు పోయాను. సాగర్ రోడ్డు మీది మాల్ అనే ఊరి నుంచి తిరిగే ఆ రోడ్డులో ఏ మూల గుంత ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను. నిజామాబాద్ రోడ్డు ఎన్నడూ చూడలేదు. నా పట్టికలో ఉత్తర దిక్కు ఊళ్ళకు ఒక్క టిక్కు లేదు. మేడ్చల్, తూప్రాన్, కామారెడ్డి, ఆ పేర్లు చూస్తుంటేనే కాళ్ళలో ఏదో పాకింది. పరీక్ష ఎక్కడ రాసినా పరీక్షే కదా, ప్రశ్నలు మారవు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజామాబాద్ మీద నొక్కాను. సిగ్గులేని పని. అప్పుడు మాత్రం హుషారుగా ఉంది.

సాయంత్రం అడిగింది. "ఏడ పడ్డది?"

"నిజామాబాద్."

"నల్గొండ గూడ లేదా?"

"నిండిపోయిందట."

నా మొహం వైపు ఒక్క క్షణం చూసి, "సరే తియ్" అని సంచీ లోపల పెట్టుకుంది.

ఆ రాత్రే డైరీ తెరిచాను. హైదరాబాద్ నుంచి నిజామాబాద్ నూట డెబ్బై అయిదు. ముప్పై తీసేస్తే నూట నలభై అయిదు. మూడు గంటల దారి. పరీక్ష మధ్యాహ్నం పూట, రెండుంబావుకు గేటు మూసేస్తారు, ఆ తర్వాత నిమిషం ఆలస్యమైనా లోపలికి పోనివ్వరు. పదిన్నరకు బయలుదేరితే ఒకటిన్నరకల్లా గేటు ముందు ఉంటామని లెక్క కట్టాను.

మా ఆవిడ ఒప్పుకోలేదు. "ముందటిరోజే పోదం. ఆడ లాడ్జిల ఉందం" అంది.

"నూట నలభై అయిదు కిలోమీటర్లకు లాడ్జేంది? ఎవరన్న నవ్వుతరు."

"నడుమల సిటీ దాటాలె గద?"

"రింగు రోడ్డు ఎందుకున్నది మరి? నాకు చెప్తున్నవా రోడ్ల సంగతి?"

లెక్కల టీచరు. నా లెక్కలో తప్పు ఎక్కడుందో సగం పట్టుకుంది. నేను నోరు మూయించాను.

పరీక్ష రోజు పొద్దున దుకాణం షట్టరు సగం దించాను. ఇంతలో ఒక పెద్దాయన పట్టా పాసుపుస్తకం పట్టుకుని వచ్చాడు, అన్ని పేజీలూ రెండేసి కాపీలు కావాలన్నాడు. మామూలుగా అయితే పంపించేసేవాణ్ణే. మస్తు టైమున్నది కదా అని మళ్ళీ షట్టరెత్తాను. మెషీనులో కాగితం ఇరుక్కుంది. మా ఆవిడ హాల్‌టికెట్టు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని కారు పక్కన నిలబడి ఉంది. కొత్త చీర కట్టుకుంది. పరీక్షకు కొత్త చీరెందుకో నాకర్థం కాలేదు, అడగలేదు కూడా. బయలుదేరేసరికి పది యాభై.

బొంగ్లూరు దగ్గర రింగు రోడ్డెక్కాం. అబ్బ, ఆ మొదటి అరగంట! పెద్ద అంబర్‌పేట్ దాటింది, ఘట్‌కేసర్ దాటింది, రోడ్డు నున్నగా పోతోంది, ఎన్నో రోజుల తర్వాత నా కాళ్ళూ చేతులూ ఒకచోట స్థిమితంగా ఉన్నాయి. ఆమె అద్దం దించి బయటికి చూస్తోంది. ఒళ్ళో పుస్తకం ఉంది, తెరవలేదు.

"గా చెరువు పేరేంది?" అంది.

"ఏమో. నువ్వు సదువుకో."

"ఇంత ఎండల గొర్లను రోడ్డు పొంట ఏడికి తోల్కపోతున్నరో."

"సదువుకోమంటె గొర్లను జూస్తవేంది? పరీక్ష నీకా నాకా?"

నవ్వింది. ఒక పేజీ తిప్పింది. మళ్ళీ బయటికే చూసింది.

మేడ్చల్ దగ్గర రింగు దిగి పెద్ద రోడ్డు మీదికి వచ్చాం. ఎదురుగా పచ్చ బోర్డు. నిజామాబాద్ నూట నలభై అయిదు.

నూట నలభై అయిదు అన్నది నేను ఇంటి నుంచి వేసుకున్న లెక్క. ఇంటి నుంచి అప్పటికే డెబ్బై అయిదు వచ్చేశాం. ఒక్క క్షణం బోర్డు రాసినవాణ్ణి తిట్టుకున్నాను. ఆ తర్వాత తెలిసింది. సిటీకి మేం దక్షిణాన ఉన్నాం, నిజామాబాద్ ఉత్తరాన ఉంది. సాగర్ పోయేవాడు ముప్పై తీసేయాలి. ఇటు పోయేవాడు ముప్పై కలపాలి, పైన రింగు చుట్టు కూడా కలపాలి. మూడో తరగతి పిల్లవాడు చెబుతాడు. ఇన్నేళ్ళూ ఒకే రోడ్డు మీద తిరిగి తిరిగి నా చెయ్యి దానంతటదే తీసివేత చేసింది. గడియారం చూశాను. పన్నెండుంబావు కావస్తోంది.

"ఏమైంది?" అంది.

"ఏం కాలే."

"లెక్క తప్పినవా?"

గేరు మార్చాను. ఆమే అంది. "రాత్రి ఫోన్ల చూసిన. రెండు వందల ఇరవై అన్నది. నువ్వు గంత గట్టిగ చెప్తుంటె, రోడ్లు తిరిగెటోనికి తెల్వదా అని ఊకున్న."

తిట్టి ఉంటే బాగుండేది. యాక్సిలరేటరు మీద కాలు నొక్కాను. ఏ పేర్ల కోసమైతే ఆ దిక్కుమాలిన పని చేశానో ఆ పేర్లన్నీ వచ్చి పోయాయి. తూప్రాన్ వచ్చింది, రామాయంపేట వచ్చింది, కామారెడ్డి వచ్చింది. ఒక్కటీ చూడలేదు. ముందున్న లారీ వెనక చక్రాలు, గడియారం, కిలోమీటరు రాయి, ఇవే చూశాను. పాత కారు, వంద దాటితే బానెట్టు కొట్టుకుంటుంది. ఆమె ఒకసారి నా భుజం మీద చెయ్యి వేసి, "జర మెల్లగ పో. పానం కంటె ఎక్కువ కాదు" అంది. ఆమె అరచేయి చెమటతో తడిగా ఉంది.

డిచ్‌పల్లి దగ్గరికి వచ్చేసరికి రెండుకు పది నిమిషాలు. అందుకుంటామనే అనుకున్నాను. పైకి కూడా అన్నాను, "అందుకుంటం, ఫికర్ జేయకు" అని. నిజామాబాద్ పొలిమేరలో రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. దాని డబ్బాలు నేను లెక్కపెట్టలేదు, ఆమె పెదాలు కదులుతున్నాయి, ఆమే లెక్కపెడుతోందేమో. గేటు లేచాక ఊళ్ళో ముగ్గురిని దారి అడిగి, సెంటరు ముందు బ్రేకు వేసేసరికి రెండు ఇరవై రెండు.

గేటుకు లోపలి నుంచి తాళం. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తింది. నా పెళ్ళాం పరుగెత్తడం నేను ఎన్నడూ చూడలేదు. గేటు ఊచల్లోంచి హాల్‌టికెట్టు లోపలికి పెట్టి చూపించింది. కాపలా ఆయన పెద్దవయసు మనిషి, తల అడ్డంగా ఊపాడు.

"నా చేతుల లేదు బిడ్డా. తాళంచెవి గూడ నా దగ్గర లేదు. తీస్కపోయిండ్రు."

"ఏడు నిమిషాలు గదయ్యా! ఏడు నిమిషాలకు ఏం మునిగిపోతది?" అని నేను గేటు పట్టుకుని ఊపాను. అరిచాను. నోటికొచ్చింది అన్నాను. ఆయన అలాగే నిలబడ్డాడు. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"ఆయన్నెందుకంటున్నవ్? ఆయనేం జేసిండు?"

ఆ మాటతో నా చేతులు గేటు మీంచి జారిపోయాయి.

రోడ్డుకు అవతల మోరీ గట్టు మీద కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. పదహారేళ్ళు. ఆఖరుది. పట్టికలో ఒక టిక్కు కోసం తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టాను. దాచిపెట్టుకుని ఇంటిదాకా పోవడం నా వల్ల కాలేదు. లెక్క తప్పడం ఒక్కటే కాదు, అసలు తప్పు వేరే ఉంది.

"నీకొక్క మాట చెప్పాలె," అన్నాను. "నల్గొండ నిండలే. ఖాళీ ఉండె. నేనే ఇది పెట్టిన."

చెంప మీద కొడుతుందని కాదు గానీ, ఏదో ఒకటి వస్తుందని ఎదురుచూశాను. ఆమె రోడ్డు వైపే చూస్తూ అంది.

"నాకు తెల్సు."

"ఎట్ల తెల్సు?"

"మా బడిల తెలుగు టీచరుకు నల్గొండ పడ్డది. నా తర్వాత నాలుగు రోజులకు నింపిచ్చుకున్నది. నీ దుకాణంలనే. నీ చేతులతోనే నింపినవ్."

రోజుకు ఇరవై ఫారాలు నింపుతాను. ఒక్కటి కూడా గుర్తు లేదు.

"మరి అప్పుడే అడగొద్దా? మార్చేటోన్ని గద! ఇంక టైముండె గద!" అన్నాను.

"మార్చేటోనివే," అంది. "నల్గొండ పడితె పొద్దుగాల నన్ను బస్సెక్కిచ్చి నువ్వొచ్చి దుకాణం తెరుస్తవు. నిజామాబాద్ అయితె నువ్వే తోల్కపోతవ్ అనుకున్న. కారు కొని ఎనిమిదేండ్లాయె. ముందల సీట్ల కూసొని ఒక్క ఊరన్న చూసిన్నా నేను?"

ఎనిమిదేళ్ళలో ఎన్ని ఆదివారాలు? ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి షట్టరు దించేసి "రా పోదాం" అని ఉంటే ఆమె నల్గొండకు బస్సులో పోయి, ఈ సమయానికి లోపల కూర్చుని పరీక్ష రాస్తూ ఉండేది. నేను ఎంత దుర్మార్గుణ్ణో ఆ గేటు ముందు అనుకున్నాను, అది సగమే. మిగతా సగం ఆమె నోట విన్నాను. చచ్చిపోవాలనిపించింది.

ఆమే లేచింది. చీర దులుపుకుంది. కారు తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చుంది. నేనూ వచ్చి కూర్చున్నాను. ఎటు తిప్పాలో తెలియలేదు.

"ఎటు పోదం?" అన్నాను.

"ఎటన్న పోనియ్," అంది.

ఊరు దాటేదాకా ఏడుస్తూనే ఉంది. కిటికీ అద్దం మాత్రం ఎక్కించలేదు.